ప్లగ్ చివర్లోనే

సెలవుల్లో కర్టెన్ రాడ్ బిగిద్దామని నాన్న డ్రిల్ మెషిన్ తీశాను. బిట్ బిగించి, మెషిన్ నేలమీద పెట్టి, ప్లగ్ పెట్టి స్విచ్ వేశాను. అంతే, ట్రిగ్గర్ ముట్టుకోకుండానే గిర్రున తిరిగింది. చక్‌లోనే మర్చిపోయిన చక్ కీ ఎగిరొచ్చి బీరువా అద్దానికి తగిలింది. దాని పక్కనే మా చెల్లి కూర్చుని ఉంది.

కారణం తర్వాత తెలిసింది. హ్యాండిల్ పక్కన చిన్న లాక్ బటన్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచి అది కూడా నొక్కితే, వేలు తీసినా మెషిన్ ఆగదు. ముందురోజు నాన్న పని చేస్తుంటే మధ్యలో కరెంట్ పోయింది, ఆయన ప్లగ్ పీకి పక్కన పెట్టేశారు. లాక్ అలాగే ఉండిపోయింది. ట్రిగ్గర్‌ని ఒకసారి పూర్తిగా నొక్కి వదిలితే అది ఊడిపోతుంది. ప్లగ్ పెట్టే ముందు ఇది చేయడానికి ఒక్క సెకను చాలు.

బిట్ మార్చేటప్పుడు ప్లగ్ బయటే ఉండాలి. చక్ చుట్టూ ఉన్న మూడు రంధ్రాల్లోనూ కీ పెట్టి బిగించి, వెంటనే తీసేయాలి. ఇప్పుడు మా ఇంట్లో కీని వైరుకి, ప్లగ్ దగ్గరే కట్టేశాం. ప్లగ్ పీకితే తప్ప కీ చక్ దాకా రాదు! ఇంత మంచి ఇఫ్ కండిషన్ నేనింతవరకు ఏ కోడ్‌లోనూ రాయలేదు.

ఐడీ కార్డు తాడు, చున్నీ, వదులు చేతులు, గ్లవ్స్ ఏవీ వద్దు, తిరిగే బిట్‌కి చుట్టుకుంటాయి. కళ్ళజోడు మాత్రం తప్పనిసరి. స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా కిందా గోడలో వైర్లు ఉండొచ్చు, అక్కడ రంధ్రం పెట్టొద్దు.

రాడ్ మర్నాడు బిగించాను. చెల్లి మాత్రం ఆ గది గుమ్మం దాటలేదు.