ఒంటి చక్రం ముందా, వెనకా?

ఏరా చిన్నా, నువ్వు పంపిన రెండు ఫోటోలూ కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. రెండూ కాన్-ఆమ్ స్పైడర్ ఆర్‌టీలే. ఒకటి 2011 నాటిది, రెండోది 2015 నాటిది. పాతది చవగ్గా వస్తోంది, తీసేసుకోనా తాతయ్యా అన్నావు. ఇంజను సంగతి తర్వాత చూద్దాంలే. మూడు చక్రాల మీద ఉన్నది మలుపులో ఎందుకు నిలబడుతుందో, ఎందుకు బోల్తా కొడుతుందో ముందు చెప్పుకుందాం.

మన వంటింట్లో ముక్కాలి పీట ఉండేది, గుర్తుందా? గచ్చు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా అది ఊగదు. కానీ రెండు కాళ్ళ మధ్య అంచు మీద బరువు వేశావా, ఠక్కున పల్టీ కొడుతుంది. మూడు చక్రాల బండికీ ఇదే గుణం. చక్రాలు నేలకి ఆనే మూడు చోట్లనీ సుద్దముక్కతో కలిపితే త్రిభుజం వస్తుంది. బండి బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కకట్టే చుక్క ఉంది చూడు, గరిమనాభి, దాని కింద నేల మీద పడే గుర్తు ఆ త్రిభుజంలో ఉన్నంతసేపూ ఫరవాలేదు. మలుపు తిరిగితే ఆ గుర్తు పక్కకి జరుగుతుంది. బ్రేకు తొక్కితే ముందుకి జరుగుతుంది. త్రిభుజం గీత దాటితే బోల్తాయే.

కాస్త లెక్క వేద్దాం, విసుక్కోకు. వెడల్పు 1.2 మీటర్లు, పొడవు 2 మీటర్లు, గరిమనాభి ఎత్తు 60 సెంటీమీటర్లు అనుకో. జంట చక్రాల ఇరుసు నుంచి పొడవులో మూడో వంతు దూరాన బరువుంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఈ బండి గంటకి 35 కిలోమీటర్ల పైచిలుకు దాకా నిలబడుతుంది. ఒంటి చక్రం ముందున్నా వెనకున్నా ఇంతే. ఇప్పుడు మలుపు మధ్యలో ఓ మోస్తరుగా బ్రేకు వేశావనుకో, గుర్తు ఓ 18 సెంటీమీటర్లు ముందుకి జరుగుతుంది. ఒంటి చక్రం ముందున్న బండికి ముందువైపు త్రిభుజం ఇరుకు కదా, అందుకని హద్దు 33కి పడిపోతుంది. అదే బండిని తిప్పేసి జంట చక్రాలు ముందుకి పెడితే, గుర్తు వెడల్పు వైపుకి జరిగి హద్దు దాదాపు 38కి పెరుగుతుంది. సామాను అదే, బరువు అదే. అయిదు కిలోమీటర్ల తేడా వచ్చింది! పైగా కంగారు పడ్డ మనిషి మొదట చేసే పని బ్రేకు తొక్కడమే.

పాత కాలపు మూడు చక్రాల బళ్ళలో చాలావాటికి ఒంటి చక్రం ముందే ఉండేది. అమెరికాలో హార్లీ-డేవిడ్‌సన్ వాళ్ళ సర్వీ-కార్ 1932 నుంచి 1973 దాకా తయారైంది. రోడ్డు పక్కన ఆపిన కార్ల మీద నిఘాకి పోలీసులు వాడేవారు. మెల్లగా పోయే పని కాబట్టి సరిపోయింది. ఇటలీలో వెస్పా స్కూటరు వెనకభాగాన్ని వెడల్పు చేసి 1948లో పియాజియో వాళ్ళు ఆపే అనే మూడు చక్రాల బండి తెచ్చారు. మన ఆటో దాని సంతతే. వెనక ఇంజనుతో బజాజ్ ఆటో 1977లో వచ్చింది. వెనక సీటులో జనం కూర్చుంటే బరువు జంట చక్రాల మీదే పడుతుంది, మంచిదే. కానీ సర్వీసు ఆటోవాడు డ్రైవరు సీటుకి అటొకరినీ ఇటొకరినీ ఇరికిస్తాడు చూడు, ఆ బరువంతా త్రిభుజం మొనవైపుకి పోతుంది. టర్నింగులో వేగం తగ్గించకపోతే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. ఆ ఇరుకులో కూర్చున్నవాళ్ళకి ఈ లెక్క ఎవరూ చెప్పరు.

హోండా వాళ్ళు 1970లో లావు బెలూన్ టైర్లతో ఇసుకలోనూ బురదలోనూ తిరిగే మూడు చక్రాల బండి ఒకటి అమెరికాలో దింపారు. ముందు ఒకటే చక్రం. వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకే కడ్డీ ఇరుసు, అందువల్ల మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేరువేరు వేగాలతో తిరగలేవు. తిరగమంటే తిరగదు, బలవంతం చేస్తే పడుతుంది. పిల్లలకి మరీ ప్రమాదం. ఇలాంటి మూడు చక్రాల బళ్ళ అమ్మకం అక్కడ 1988లో ఆగిపోయింది. తర్వాత అందరూ నాలుగు చక్రాలకి మారిపోయారు.

ఇక నీ స్పైడర్. కెనడాలోని క్యుబెక్ వాళ్ళు 2007లో దింపినప్పుడే జంట చక్రాలు ముందుకి పెట్టారు. అంటే నీ పాత బండికీ కొత్త బండికీ త్రిభుజం ఒకటే. పైగా రెండిటికీ బాష్ కంపెనీ స్థిరత్వ వ్యవస్థ ఉంది. లోపలి చక్రం తేలిపోతున్నట్టు సెన్సర్లు పసిగడితే ఇంజను బిగువు తగ్గించి, అవసరమైన చక్రానికి దానంతటదే బ్రేకు వేస్తుంది. సరదాగా తోలేవాళ్ళకి ఇది చిరాకట. నాకు మాత్రం ఇదే నచ్చింది.

తేడా ఎక్కడుందంటే, 2013లో ముందు చక్రాలు 14 అంగుళాల నుంచి 15కి పెరిగాయి, బ్రెంబో బ్రేకులు వచ్చాయి. 2014లో ఆర్‌టీకి 998 సీసీ రెండు సిలిండర్ల ఇంజను పోయి 1330 సీసీ మూడు సిలిండర్లది వచ్చింది. గుర్రపు శక్తి 100 నుంచి 115కి పెరిగింది. పదిహేను శాతం కదా అని మురిసిపోకు. బండి బరువు కూడా సుమారు 420 కిలోల నుంచి 460కి ఎక్కింది. కిలోకి ఎంత శక్తి అని చూస్తే మిగిలింది అయిదు శాతమే. అసలు లాభం టార్కులో ఉంది. 5,000 చుట్ల దగ్గర 108 న్యూటన్ మీటర్లు ఉండేది 130 అయింది. దానికి తోడు అయిదు గేర్లు ఆరయ్యాయి. హైవే మీద ఇంజను కింది స్థాయిలో తిరుగుతూనే ఘాటు ఎక్కగలదు, పాతదైతే చుట్లు పెంచితే గానీ లాగదు. వారాంతంలో నాలుగు వందల మైళ్ళు పోయే నీకు ఈ తేడా నడుముకి తెలుస్తుంది.

పాతదా కొత్తదా అన్నదానికన్నా నీకు బుల్లెట్ అలవాటు ఉండటమే నా భయం. బుల్లెట్ మీద వేగంగా పోతూ కుడికి తిరగాలంటే, నీకు తెలియకుండానే కుడి హ్యాండిల్‌ని ముందుకి నెడతావు. బండి కుడికి వాలి, అటు తిరుగుతుంది. స్పైడర్ వాలదు. కుడికి పోవాలంటే హ్యాండిల్‌ని కుడికే తిప్పాలి, కుడి హ్యాండిల్ నెట్టావా, ఎడమకి పోతావు. హఠాత్తుగా కుక్క అడ్డం వస్తే చేతులు పాత అలవాటే చేస్తాయి. ఇంకో సంగతి, ముందు బ్రేకుకి చేతి లివరే లేదు. కుడి కాలి కింద ఒకే పెడలు, మూడు చక్రాలకీ అదే. నాలుగు వేళ్ళూ గాలిని నొక్కుతాయి! ఈ బండి తొలిరోజే తోలమంటే బెజవాడ ఆటో డ్రైవరు నీకన్నా నయం, అతని హ్యాండిల్ ఎటు తిప్పితే అటే పోతుంది. పైగా వాలని బండి మీద మలుపులో ఒళ్ళు బయటికి జారుతుంది. లోపలివైపు వంగి, మోకాలు బండికి ఆనించి కూర్చోవాలి.

వాలే మూడు చక్రాలవీ ఉన్నాయి. 2006లో పియాజియో ఎంపీ3, 2018లో యమహా నికెన్ వచ్చాయి. నికెన్ 45 డిగ్రీల దాకా వాలుతుందిట. అవి ముందు రెండు చక్రాలున్న మోటారుసైకిళ్ళే, నా త్రిభుజం లెక్క వాటికి పనికిరాదు.

డబ్బు సర్దుబాటవుతుందనుకుంటే 2015దే తీసుకో. కాకపోతే పాతది కూడా తప్పు కాదు, టైర్లు చూసుకుని కొను. ఏది కొన్నా మొదటి పది రోజులూ ఖాళీ పార్కింగు జాగాలో హ్యాండిల్ అలవాటు చేసుకో. ఆర్‌టీకి ముందొక డిక్కీ, వెనకొక డిక్కీ ఉంటాయి కదా, మీ బామ్మ పంపే ఆవకాయ జాడీలు మాత్రం ముందు డిక్కీలో పెట్టు. బరువు వెడల్పు వైపుకి ఉంటుంది.