మురుగునీటికి జీవశుద్ధి, మెంబ్రేన్ వడపోత: కోనసీమకు ఎంతవరకు తగును?

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమలో సాగునీటి కాలువ ఎంత ముఖ్యమో, మురుగు కాలువ అంతే ముఖ్యం. 2011లోను, తిరిగి 2022లోను ఇక్కడి రైతులు పంట విరామం పాటించినప్పుడు చెప్పిన కారణాలలో మురుగు సరిగా పారకపోవడం ఒకటి. పట్టణాల వాడుక నీరు, రొయ్యల చెరువుల నీరు ఈ కాలువలలోనే కలుస్తున్నాయి. సాగునీరు అందనప్పుడు శివారు రైతు ఇంజను పెట్టి తోడుకొనేదీ ఈ నీటినే. కనుక దీని శుద్ధి వ్యవసాయ సమస్య కూడా.

పనిచేసే విధానం

సాధారణ జీవశుద్ధిలో గాలి అందించి పెంచిన బాక్టీరియా సేంద్రియ మలినాలను తింటుంది. తరువాత బురద తేరుకోవడానికి వేరొక తొట్టి అవసరం. బురద సరిగా తేరుకోకపోతే అది శుద్ధిచేసిన నీటితోపాటే బయటకు పోతుంది. మెంబ్రేన్ పద్ధతిలో ఈ రెండవ తొట్టి ఉండదు. సుమారు 0.04 నుండి 0.4 మైక్రాన్ల రంధ్రాలు గల పొర నీటిని వదిలి, బాక్టీరియాను నిలుపుతుంది. అందువల్ల లీటరుకు 3-4 గ్రాములకు బదులు 8-12 గ్రాముల బురద సాంద్రతతో తొట్టిని నడపవచ్చు. 1989లో జపాన్ శాస్త్రవేత్త యమమోటో బృందం పొరను తొట్టిలోనే ముంచే విధానాన్ని చూపిన తరువాత విద్యుత్ ఖర్చు తగ్గి ఇది వ్యాప్తి చెందింది. స్థలం తక్కువగా ఉన్న అమలాపురం వంటి పట్టణానికి ఇది అనుకూలం.

ఉప్పు ఆగదు

నీటిలో కరిగిన లవణాలను ఈ పొర ఆపలేదు. నేల లవణ సూచిక 3 డెసీసైమన్లు దాటిన తరువాత ప్రతి యూనిట్‌కు వరి దిగుబడి సుమారు 12 శాతం తగ్గుతుంది. ఉప్పునీటి రొయ్యల చెరువుల నీరు పట్టణ మురుగులో కలిస్తే, ఎంత శుద్ధిచేసినా అది వరికి పనికిరాకపోవచ్చు. ఉప్పు హఠాత్తుగా పెరిగితే తొట్టిలోని బాక్టీరియా కూడా దెబ్బతింటుంది. కాబట్టి మొదటి పని ఈ రెండు నీళ్లను వేరుచేయడం.

నత్రజని లెక్క

శుద్ధిచేసిన నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని మిగిలితే, 30 సెంటీమీటర్ల తడి ద్వారా ఎకరానికి సుమారు 24 కిలోలు చేరుతుంది. ఇది ఒక యూరియా బస్తాకు మించినది. దీనిని ఎరువుల మోతాదులో తగ్గించాలి. లేనిచో అంకురం దశ తరువాత అందే నత్రజని వల్ల పైరు పడిపోవడం, సుడిదోమ, అగ్గితెగులు ఎక్కువవుతాయి. ఇటువంటి నీటికి వరికంటే ఏడాది పొడవునా నత్రజనిని వాడుకొనే కొబ్బరి తోట మేలు.

నిర్వహణ

పొరపై పేరుకొనే జిగురును తొలగించడానికి నిరంతరం గాలి ఊదాలి. నిర్ణీత వ్యవధిలో హైపోక్లోరైట్, సిట్రిక్ ఆమ్లాలతో కడగాలి. కొబ్బరి పీచు, వెంట్రుకలు పొరలకు చుట్టుకోకుండా ముందే సన్నని జల్లెడ అవసరం. గంటల తరబడి విద్యుత్ ఆగితే బాక్టీరియా క్షీణిస్తుంది. శిక్షణ పొందిన సిబ్బంది, నమ్మకమైన విద్యుత్ లేని రాజోలు, కొత్తపేట ప్రాంతాల చిన్న గ్రామాలకు మొక్కల మడుగుల వంటి సరళ పద్ధతులే తగినవి.

విస్తరణ శాస్త్రవేత్తలు మురుగు కాలువ నీటిని సిఫారసు చేసేముందు లవణ సూచిక, నత్రజని, మలసంబంధ కోలిఫారంలను పరీక్షించాలి. లవణ సూచికను వేసవిలోను, సముద్రపు పోటు సమయంలోను విడిగా కొలవాలి. ఒక్క నమూనాతో ఏడాది మొత్తానికి సలహా ఇవ్వరాదు.