కాంక్రీటు కట్టడములలో సందులు

సారపాకనుండి భద్రాచలమునకు బస్సులో పోవువారికి, గోదావరిపై 1965లో నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన పాత వంతెన మీద, చక్రముల క్రింద నడుమనడుమ ‘టక్కు’మను చప్పుడు వినబడుచుండును. అది రోడ్డు చెడుటచే కలిగినది కాదు. వంతెనను ఒకే పలకగా పోయక, ఇంజనీర్లు కావలెననియే సందులు విడిచిరి. పెద్ద భవనములందును ఇట్టి సందులుండును. వీనిని వ్యాకోచ సంధులందురు. మేస్త్రీలు ఎక్స్‌పాన్షన్ జాయింట్లందురు.

ఒక డిగ్రీ వేడికి మీటరు పొడవు కాంక్రీటు మిల్లీమీటరులో నూరవ వంతు మాత్రమే పెరుగును. ఇంతమాత్రమునకు భయమేల? ఖమ్మము ప్రాంతమున వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరుట కద్దు. ఎండకు కాగిన డాబా అంతకన్నను వేడెక్కును. అడవి అంచున పుష్యమాసపు వేకువ చలి వేరు. ఈ రెంటికి నడుమ కప్పు వేడిలో 40 డిగ్రీల భేదమున్నచో, 45 మీటర్ల కప్పు 18 మిల్లీమీటర్లు పెరుగును. చోటు లేనిచో గోడలను నెట్టి చీల్చును. ఇనుమును ఇంచుమించుగా కాంక్రీటుతో సమముగనే పెరుగుట మన అదృష్టము. లేనిచో లోని కడ్డీలే దానిని పగులగొట్టియుండును.

సందును తెరచి విడిచినను చిక్కే. వాననీరు దిగి కడ్డీలకు త్రుప్పు పట్టును. అందుచే కొందరు మంచి చేయుచున్నామనుకొని సందును సిమెంటుతో పూడ్తురు. అంతకన్న కీడు లేదు. సాగుటయు నణగుటయు నెరిగిన పదార్థమే అందుండవలెను.

ముందు పాత పూతను గీకి, దుమ్ము దులిపి, తడి లేకుండ ఆరనీయవలెను. తరువాత మెత్తని నురుగు త్రాడును లోనికి నొక్కి, దానిపై రబ్బరువలె సాగు సీలెంటును నింపుదురు. త్రాడెందుకనగా, సీలెంటు రెండు ప్రక్కలను మాత్రమే అంటుకొనవలెను. అడుగును గూడ పట్టుకొన్నచో సాగలేక చినుగును. నడియెండలో సందు మిక్కిలి ఇరుకు, చలివేకువ మిక్కిలి వెడల్పు. కావున రెంటికి నడిమి వేళ ఈ పని చేయుట మేలు.

ఎండకు సీలెంటు క్రమముగా గట్టిపడి అంచులు విడును. మృగశిర కార్తెకు ముందే ఏటేట డాబా ఎక్కి, వ్రేలితో నొక్కి చూడవలెను. అడవి దగ్గరి ఊళ్ళలో పక్షులు విడిచిన రావిగింజలు ఈ సందులలోనే మొలచును. రెండాకుల మొక్కగా ఉన్నపుడు వేరుతో ఊడివచ్చును. ఏడాది గడచినచో గోడ త్రవ్వవలసి వచ్చును.