హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్: రిపోర్టు చేతికొచ్చాక అడగాల్సిన ప్రశ్నలు

ఆ అక్క తన రిపోర్టును నాలుగు మడతలు పెట్టి, మందుల షాపు కవర్లో చుట్టి తెచ్చింది. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఏజెన్సీ కింద హౌస్‌కీపింగ్ పని ఆమెది. వార్డులు తుడవడం, చెత్త బ్యాగులు కిందికి దించడం, పదకొండేళ్లుగా ఇదే. గర్భసంచి ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షల్లో ఒక వరుస చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు: హెచ్‌బీఎస్‌ఏజీ, రియాక్టివ్. సూపర్‌వైజర్ ‘కొన్నాళ్లు రాకు’ అన్నాడు. ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేశారు. అదే కవర్లో లివర్ ఫంక్షన్ టెస్ట్ కాగితం కూడా ఉంది. అందులో అన్నీ నార్మల్.

‘నేను మందు ముట్టను. లివర్ మంచిగుందని కూడా రాసిండ్రు. మరి లివర్ జబ్బు అంటుండ్రేంది?’ అని అడిగింది.

మేము డాక్టర్లం కాదు. పారిశుధ్య కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తున్నవాళ్లం. కానీ ఈ ప్రశ్న మాకు బస్తీల్లో మళ్లీ మళ్లీ ఎదురైంది కాబట్టి, జవాబును ఒకచోట రాసి పెట్టడం అవసరమనిపించింది.

ముందు ‘మందు’ సంగతి. మన వాడల్లో ఎవరికైనా పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడితే ఊరూ ఆసుపత్రీ ఒకే మాట అంటాయి: తాగి తాగి తెచ్చుకున్నాడు. మద్యం కాలేయాన్ని దెబ్బతీయదని మేము అనడం లేదు, తీస్తుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగేవాళ్లు ఆ కంపు భరించలేకే తాగుతామని చెప్పడం మేము చాలాసార్లు విన్నాం. అయితే దీర్ఘకాలిక కాలేయ వ్యాధికి మద్యం ఒక్కటే కారణం కాదు. హెపటైటిస్ బి, సి వైరస్‌లు, షుగరు, ఊబకాయంతో కాలేయంలో చేరే కొవ్వు కూడా అక్కడికే చేరుస్తాయి. తాగేవాడి ఒంట్లో వైరస్ కూడా ఉంటే నష్టం మరింత వేగంగా జరుగుతుంది. కేస్ షీట్ మీద ‘తాగుడు’ అని రాసేశాక మిగతా పరీక్షలు ఆగిపోతాయి చూడండి, మా అభ్యంతరం అక్కడ. రోగి కులం, పని తెలిశాక ఆ మాట రాయడానికి చేయి ఇంకా తొందరపడుతుంది.

ఇక నార్మల్ అన్న రిపోర్టు. లివర్ ఫంక్షన్ టెస్ట్ అని పేరుంది గానీ, అందులో కనిపించే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కాలేయం ఎంత పని చేస్తోందో చెప్పవు. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైములు అవి. ఇవాళ కణాలు పెద్దగా దెబ్బతినకపోతే అంకె మామూలుగానే ఉంటుంది. వైరస్ ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా కూర్చోగలదు. కాలేయం లోపల నొప్పి తెలిపే నాడులు లేవు, పైపొరకే ఉన్నాయి. అందుకే మచ్చలు కట్టి గట్టిపడే దాకా, అంటే సిర్రోసిస్ దాకా వచ్చినా మనిషి డ్యూటీకి పోతూనే ఉంటాడు.

హెచ్‌బీఎస్‌ఏజీ అనేది హెపటైటిస్ బి వైరస్ పైతొడుగులోని ప్రోటీన్. 1960లలో బరూచ్ బ్లూమ్‌బర్గ్ దీన్ని ఒక ఆస్ట్రేలియా ఆదివాసీ రక్తంలో కనుగొన్నాడు. 1976లో ఆయనకు నోబెల్ వచ్చింది. రియాక్టివ్ అంటే ఇప్పుడు వైరస్ ఒంట్లో ఉన్నట్టు. కానీ ఎప్పుడొచ్చిందో, ఉంటుందో పోతుందో ఆ ఒక్క ముక్క చెప్పదు. ఆరు నెలల తర్వాత కూడా రియాక్టివ్‌గానే ఉంటే దీర్ఘకాలిక వ్యాధి అంటారు. ఇక్కడ వయసు ముఖ్యం. పుట్టుకలో తల్లి నుంచి సోకిన పిల్లల్లో దాదాపు 90 శాతం మందిలో అది ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకినవాళ్లలో 5 శాతం లోపే. మిగతావాళ్ల శరీరం దాన్ని తరిమేస్తుంది.

కాబట్టి అక్క రిపోర్టు చూసి ఆసుపత్రి సూది వల్లే వచ్చిందని గానీ, కాదని గానీ ఎవరూ తేల్చలేరు. తేలాలంటే పనిలో చేరిన రోజు పరీక్ష చేసి ఉండాలి. ఈ మాట దగ్గర కాసేపు ఆగుదాం.

2016 బయో మెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, వ్యర్థాలను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. పనిలో చేరేటప్పుడు, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలి. ఈ బాధ్యత నిబంధనల్లో ‘ఆక్యుపయర్’ మీద ఉంది, అంటే ఆ ఆసుపత్రిని నడిపించేవారి మీద. ‘వాళ్లు మా స్టాఫ్ కాదు, ఏజెన్సీ వాళ్లు’ అన్న జవాబు మాకు ఎన్నిసార్లు వచ్చిందో. నిబంధనలో ఉన్న మాట ‘ఆరోగ్య సిబ్బంది, ఇతరులు’. ఆ ‘ఇతరులు’లో మన అక్క ఉంది. చేరినప్పుడు పరీక్ష చేయకపోతే నష్టపోయేది కార్మికురాలే. వైద్య సేవల పనిలో సోకే అంటువ్యాధులు నష్టపరిహార చట్టం షెడ్యూల్‌లో వృత్తి వ్యాధులుగా ఉన్నాయి. కానీ చేరేనాటికి నెగటివ్ అన్న కాగితం లేనిదే వాదన నిలబెట్టడం కష్టం. పరీక్ష ఎగ్గొట్టినవాడికే ఆ ఎగవేత రక్షణ అవుతోంది.

ప్రమాదం చిన్నది కాదు. టీకా లేని మనిషికి, వైరస్ ఉన్న రక్తం అంటిన సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెపటైటిస్ సి అయితే దాదాపు 2 శాతం, హెచ్ఐవీ 0.3 శాతం. అందరూ భయపడేది హెచ్ఐవీకి, ఎక్కువగా అంటుకునేది బి. ఎండిన రక్తపు మరక మీద కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది. సూదులు గుచ్చుకోలేని తెల్ల డబ్బాలోకి పోవాలి. నల్ల చెత్త కవర్లోకి వస్తే ఆ కవరు భుజానికెత్తుకునేవాళ్ల వీపుకే గుచ్చుకుంటాయి.

టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. 1997లో ఈ టీకాను దేశీయంగా మొదట తయారుచేసి ధర దించింది హైదరాబాద్ కంపెనీ శాంతా బయోటెక్నిక్స్. పిల్లల టీకాల్లో ఇది దేశమంతటా చేరింది 2011లో. అంటే ఇవాళ వార్డులు ఊడుస్తున్న నలభై ఏళ్లవాళ్లలో చాలామందికి చిన్నప్పుడు పడలేదు. మూడు డోసులయ్యాక నెల రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ పరీక్ష చేస్తే 10 లేదా అంతకంటే ఎక్కువ రావాలి, అప్పుడు రక్షణ ఉన్నట్టు.

మళ్లీ అక్క దగ్గరికి. రియాక్టివ్ వచ్చాక చేయాల్సినవి హెచ్‌బీఈఏజీ, హెచ్‌బీవీ డీఎన్ఏ, ప్లేట్‌లెట్లు, అల్ట్రాసౌండ్. హెపటైటిస్ సి, హెచ్ఐవీ పరీక్షలు కూడా. కాలేయం ఎంత గట్టిపడిందో తెలిపే ఫైబ్రోస్కాన్ అన్నిచోట్లా ఉండదు. అది లేకపోయినా మామూలు రక్తపరీక్షల అంకెలతో వేసే ఒక లెక్క ఉంది, ఫిబ్-4. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 45 ఏళ్ల మనిషి, ఎస్‌జీఓటీ 56, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు అనుకుందాం. 45 సార్లు 56 అంటే 2520. 36కు వర్గమూలం 6, దాన్ని 120తో గుణిస్తే 720. ఫలితం 3.5. 1.45 కన్నా తక్కువైతే పెద్దగా మచ్చలు కట్టి ఉండవు, 3.25 దాటితే బాగా కట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఎస్‌జీపీటీ 36 చూసి ‘నార్మల్’ అని పంపించేసే మనిషే ఈయన. ప్లేట్‌లెట్లు ఎందుకంటే, కాలేయం గట్టిపడితే రక్తప్రవాహం వెనక్కి తన్ని ప్లీహం ఉబ్బి, వాటిని తనలో పట్టి ఉంచుకుంటుంది. ఈ లెక్క అంచనాయే, తీర్పు కాదు. మరీ చిన్నవాళ్లలో, ముసలివాళ్లలో తప్పుతుంది కూడా.

హెపటైటిస్ సికి సాధారణంగా 12 వారాల మాత్రలు, 95 శాతానికి పైగా నయమవుతుంది. బి పూర్తిగా పోవడం అరుదు. అవసరమైనవాళ్లకు టెనోఫోవిర్ మాత్ర రోజుకొకటి ఇచ్చి అణిచి ఉంచుతారు. సొంతంగా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా తిరగబడొచ్చు. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద బి, సి రెండింటికీ పరీక్షలు, మందులు ఉచితం. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆ కార్యక్రమం పేరు చెప్పి అడగండి.

పసరు గురించి కూడా చెప్పాలి, బస్తీలో మొదట గుర్తొచ్చేది అదే. కామెర్లకు పసరు తాగించి, చేతికి వాత పెట్టి తగ్గించామంటారు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ ఎక్కువమందిలో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు పోతుంది. నేల ఉసిరి మీద చెన్నై పరిశోధకులు బ్లూమ్‌బర్గ్‌తో కలిసి 1988లో లాన్సెట్‌లో ఆశ కలిగించే ఫలితాలే రాశారు. తర్వాతి పరీక్షల్లో అవి నిలబడలేదు.

కంచం, గ్లాసు వేరు చేసే సంగతికొస్తే, రెండు గ్లాసుల పద్ధతిని ఎదిరించిన కుటుంబంలో మూడో గ్లాసు ఒకటి మొదలవడం మాకు బాధ కలిగించింది. ఈ వైరస్ రక్తం, లైంగిక సంబంధం, కాన్పు ద్వారా పోతుంది. కలిసి తింటే, పక్కన కూచుంటే, ఒకే బాత్రూం వాడితే పోదు. వేరుగా ఉంచాల్సినవి బ్లేడు, టూత్‌బ్రష్షు, గోళ్ల కత్తెర. ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష చేయించి, నెగటివ్ ఉన్నవాళ్లకు టీకా వేయించాలి. గర్భిణి పాజిటివ్ అయితే బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి, దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ కూడా. హెచ్ఐవీ ఉన్నవాళ్లను పనిలోంచి తీసేయకుండా 2017 చట్టం ఉంది. హెపటైటిస్ బికి అలాంటిది లేదు. సూపర్‌వైజర్ ‘రాకు’ అని నోటితో చెప్పగలగడం ఆ ఖాళీలోంచే. ఆ మాటను రాసి ఇమ్మని అడగాలి.

అక్కతో పనిచేసే పద్నాలుగు మంది కలిసి ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు ఒక దరఖాస్తు రాశారు. ఏజెన్సీకి కాదు, ఆసుపత్రికే. చేరిన నాటి ఆరోగ్య పరీక్ష కాగితాల నకలు, టీకా రిజిస్టర్లో తమ పేర్లున్న పేజీ, గత మూడేళ్లలో సూదులు గుచ్చుకున్న ఘటనల లెక్క అడిగారు. చివరిది ఆసుపత్రి ఏటా కాలుష్య నియంత్రణ మండలికి పంపే, వెబ్‌సైట్‌లో పెట్టాల్సిన వార్షిక నివేదికలోనూ ఉండాలి, ప్రమాదాల గడిలో. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. దరఖాస్తు ఇచ్చేటప్పుడు రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోవాలి. అక్క ఇప్పుడు ఆ కాపీని కూడా అదే మందుల షాపు కవర్లో పెట్టుకుంది.