కొర్రమీనుకు ఎండుమేత నేర్పుట

సిద్దిపేట ప్రాంతపు చెరువులలోను, కుంటలలోను కొర్రమీనును ఎరుగనివారుండరు. తెలంగాణకు రాష్ట్ర చేప ఇదియే. దీని శాస్త్రనామము చన్నా స్ట్రయేటా. నేరుగా గాలి పీల్చుటకు వీలైన అవయవము తలలో నుండుటచే, ఇది అంగడిలో కొద్దిపాటి నీటిలో సైతము బ్రతికియుండును. ఇంత గట్టి ప్రాణము గల చేపయే అయినను, దీని పిల్లలను అద్దాల తొట్టిలో పెంచబూనిన వారికి ఒక చిక్కు ఎదురగును. బొచ్చె, రోహు పిల్లలు ఇష్టముగా తిను తవుడును, వేరుశనగ చెక్కపొడిని ఇవి ముట్టవు. తొట్టిలో మేత యుండగనే పస్తుండి చిక్కిపోవును. పెద్దవి తమ తోడి చిన్నవానినే మ్రింగును.

దీనికి కారణమేమి? కొర్రమీను వేటాడు జీవి. పసిపిల్లగా నున్నపుడు డాఫ్నియా వంటి సూక్ష్మమైన నీటిపురుగులను, కొంత ఎదిగినపుడు దోమ డింభకములను, ఆ పిమ్మట చిన్నచేపలను, కప్పలను తినును. ఆహారమును గుర్తించుటకు దానికి మూడు ఆనవాళ్లు కలవు: కదలిక, వాసన, మెత్తదనము. కదలికను కన్ను చూచును. నీటి అలజడిని ప్రక్కలనుండు పార్శ్వరేఖ పసిగట్టును. నోటికి అందినది గట్టిగా నున్నచో వెంటనే ఉమ్మివేయును. ఎండుమేత గుళిక కదలదు, మెత్తగా నుండదు. అది ఆహారమని పిల్లకు తెలియదు; గుళికయు గులకరాయియు దానికి ఒకటే.

అయితే చేపకు క్రొత్త ఆనవాలును నేర్పవచ్చునా? కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రజ్ఞుడు చూపులేని ఒక జెల్లజాతి చేపకు మేత పెట్టునపుడెల్ల ఈలవేసెను. కొన్ని దినములకు, మేత లేకున్నను, ఈల వినబడగానే అది తన గొట్టమునుండి బయటకు వచ్చుచుండెను. ఈ సంగతిని ఆయన 1923లో ప్రకటించెను. తెలిసిన ఆనవాలుతో క్రొత్తదానిని జతపరచినచో చేప నేర్చుకొనునని దీనివలన తెలియుచున్నది.

కొర్రమీనుకును ఇదే మార్గము. 3, 4 సెంటీమీటర్ల పొడవుగల, సమానమైన పిల్లలను ఏరి తొట్టిలో విడువవలెను. ఇవి ఎగిరి దూకును గనుక పైన వల కప్పవలెను. నీటికిని వలకును నడుమ గాలికి చోటుండవలెను. మొదట నాలుగైదు రోజులు ఒకే వేళకు, ఒకే మూలలో, అద్దమును మెల్లగా తట్టి సజీవమైన మేత వేయవలెను. తరువాత సన్నగా తరిగిన చేప లేక రొయ్య మాంసమును కొద్దికొద్దిగా జారవిడిచినచో, మునుగుచున్న ముక్క కదలిక వానిని ఆకర్షించును. పిమ్మట ఆ మాంసపు ముద్దలో పదవవంతు ఎండుమేత పొడిని కలిపి, మూడు రోజులకొకసారి మరియొక పదవవంతు హెచ్చించుచు పోవలెను. పిల్లలు ఉమ్మివేసినచో ఒక మెట్టు వెనుకకు రావలెను. సుమారు నెలకు మాంసము పూర్తిగా తొలగును. అప్పుడు నానబెట్టిన గుళికలను, చివరకు తేలియాడు గుళికలను ఈయవచ్చును. గాలికై పైకి వచ్చు చేపకు తేలు మేత దారిలోనే తగులును.

ఆకలిచే లొంగదీయవలెనని పిల్లలను రోజుల తరబడి పస్తుంచరాదు. వాని శరీరములో నిల్వ స్వల్పము. మిగిలిన మేతను అరగంటలో తీసివేయవలెను. లేనిచో అది కుళ్లి, విషతుల్యమైన అమ్మోనియా పుట్టును. మేత వేసిన క్షణమునుండి మొదటి పిల్ల దానిని అందుకొను వరకు ఎన్ని సెకనులు పట్టినదో విద్యార్థులు ప్రతిదినము వ్రాసికొన్నచో, నేర్పు హెచ్చుచున్న తీరు అంకెలలో కనబడును.

ఈ శిక్షణ ప్రయోజనము తొట్టితో ముగియదు. కంబోడియాలో కొర్రమీను జాతి చేపల పెంపకమునకై సహజ జలములలోని చిన్నచేపలను విస్తారముగా పట్టి మేతగా వేయుచుండిరి. అందుచే ఆ పెంపకమును అచటి ప్రభుత్వము 2004లో నిషేధించి, 2016లో మరల అనుమతించినది. మన చెరువులలోని బుడ్డపరకలు కూడ పేదల పళ్లెములోనికి చేరు చవుకైన మాంసకృత్తులే. వానిని కొర్రమీనుకు మేతగా వేసిన కొలది, పేదలకు దక్కునది తగ్గును. అయితే కొర్రమీను మేతలో నూటికి 40 పాళ్లకు పైగా మాంసకృత్తులు కావలెను. అందులో చాలభాగము సముద్రపు చేపల పొడినుండియే వచ్చుచున్నది. కావున పిల్లకు గుళికను నేర్పుట మొదటి మెట్టు మాత్రమే. ఆ గుళికలో చేపపొడికి బదులు సోయా వంటి పైరుల పాలు హెచ్చించుట రెండవ మెట్టు.