షిప్పు వచ్చిందా?

నీలి సముద్రం... తెల్లటి ఇసుక... ఒడ్డున వరసగా కొబ్బరిచెట్లు. ‘ఇక్కడే ఓ చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోతే ఎంత బాగుంటుందో!’ అండమాన్ చూడ్డానికి వెళ్లినవారిలో చాలామంది మనసులో ఒక్కసారైనా మెదిలే మాట ఇది. నాలుగు రోజులు తిరిగి, ఫొటోలు దిగి, విమానం ఎక్కేస్తారు. మరి నిజంగానే అక్కడ ఉండిపోయినవాళ్ల సంగతో? వాళ్లలో మనవాళ్లే దాదాపు 50 వేలమంది!

కూరగాయల కొట్టు ముందు ఓ ఇల్లాలు నిలబడింది. ఉల్లిపాయల బుట్ట సగం ఖాళీ. ఉన్నవి కూడా మెత్తబడిపోయినవే. ధర మాత్రం నిన్నటికంటే ఎక్కువ. ఇదేంటని ఆమె అడగదు. కొట్టతనూ చెప్పడు. ఇద్దరికీ తెలిసిన కారణం ఒక్కటే... షిప్పు రాలేదు!

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురంలో రోజూ వినిపించే మాట ఇది. ఆ పేరు కొత్తగా ఉందా? 2024 సెప్టెంబరు దాకా దాన్ని పోర్ట్‌బ్లెయిర్ అనేవారు. పాతవాళ్ల నోట ఇప్పటికీ బ్లెయిరే. ఊరి పేరు మారింది కానీ, ఊరి బతుకు మారలేదు. చెన్నైకి 1,190 కిలోమీటర్లు, విశాఖపట్నానికి సుమారు 1,200 కిలోమీటర్లు, కోల్‌కతాకు 1,255 కిలోమీటర్లు. ఎటు చూసినా మధ్యలో ఉన్నది బంగాళాఖాతమే. ఉల్లి, బంగాళాదుంప, పప్పు, చింతపండు, సిమెంటు, ఇనుము, మందులు... అన్నీ ఆ నీళ్ల మీదుగా రావాల్సిందే. ఆకుకూరలు, బెండకాయలు, అరటిపళ్లు, కొబ్బరి ఇక్కడే పండుతాయి. చేపలకైతే కొదవే లేదు. కానీ పులుసు పెట్టాలంటే మాత్రం చింతపండు ఓడ దిగాలి!

మనవాళ్లు అక్కడెందుకు?

అండమాన్ పేరు చెబితే మన తాతల తరానికి గుర్తొచ్చేది కాలాపానీ. 1858లో ఆంగ్లేయులు ఖైదీల కోసం ఇక్కడ స్థావరం పెట్టారు. 1906 నాటికి సెల్యులార్ జైలు పూర్తయింది. వెళ్లినవాడు తిరిగొస్తాడన్న ఆశ ఉండేది కాదు. అలాంటి చోటికి స్వాతంత్ర్యం వచ్చాక కోరి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకి కొందరు, కూలిపనికి కొందరు, చిన్న ఉద్యోగాలకి కొందరు. ముందు ఒకరు వెళ్లడం, కుదురుకున్నాక తమ్ముణ్నో బావమరిదినో పిలిపించుకోవడం... అలా ఊళ్లకి ఊళ్లు ఓడెక్కాయి. రాజధానిలో చేపల రేవు ఉన్న జంగ్లీఘాట్‌కి వెళితే ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. ‘ఏటి పిన్నీ, షిప్పొచ్చిందా?’ అన్న పలకరింపు వింటే భీమిలిలోనో కళింగపట్నంలోనో ఉన్నట్టే ఉంటుంది.

1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలను దక్షిణాన చిట్టచివరనున్న గ్రేట్ నికోబార్‌కి తీసుకెళ్లి భూములిచ్చి స్థిరపరిచారు. వాళ్లలో ఆంధ్ర కుటుంబాలూ ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో ఉన్నది 3,80,581 మంది. అందులో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే స్థానం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పక్కింటి పిల్లలతో బెంగాలీ, చేపల బేరంలో తమిళం... పదేళ్ల పిల్లాడు నాలుగు భాషలు కలిపేస్తుంటే ఎవరూ ఆశ్చర్యపోరు.

అయిదింటికే చీకటి!

కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగిని మొదటివారం తికమకపెట్టేది సూర్యుడు. తెల్లవారుజామున అయిదున్నరయ్యేసరికి కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతుంది. నవంబరులో సాయంత్రం అయిదు కొట్టకముందే పొద్దు గుంకిపోతుంది. ఎందుకలా? మన దేశపు గడియారాలన్నీ 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. అది మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. అండమాన్ అక్కడికి పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు నలభై నిమిషాలు ముందొచ్చి, నలభై నిమిషాలు ముందే వెళ్లిపోతాడు. గడియారం మాత్రం కాకినాడదే! ఆఫీసు నుంచి ఇంటికొచ్చి పిల్లల్ని బీచికి తీసుకెళదామనుకునే తండ్రికి మిగిలేది చీకటే. అందుకే అక్కడివాళ్లు పొద్దున్నే నడకకి వెళతారు. సముద్రం మీద సూర్యోదయం చూసి వచ్చి, టిఫిన్ తిని, ఆఫీసుకి బయల్దేరే భాగ్యం ఎంతమందికుంటుంది చెప్పండి?

చుట్టూ నీళ్లే... కుళాయిలో తప్ప

ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. హైదరాబాద్‌లో కురిసేదానికి మూడురెట్లకు పైమాటే. మే నెలలో మొదలైతే డిసెంబరు దాకా ఏదో ఒక రుతుపవనం పలకరిస్తూనే ఉంటుంది. మరి నీళ్లకి లోటెందుకు? వాలు ఎక్కువగా ఉన్న కొండల మీద పడ్డ వాన పడ్డట్టే సముద్రంలోకి జారిపోతుంది. నిలవ చేసుకునే జలాశయాలు తక్కువ. రాజధానికి పెద్ద దిక్కు ధనిఖారి డ్యామే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చినుకు పడకపోతే దాంట్లో నీళ్లు అడుగంటుతాయి. కుళాయిలు రోజు విడిచి రోజు, ఎండ ముదిరితే ఇంకా ఎడంగా వస్తాయి. అందుకే ఇంటిమీద ఎంత పెద్ద ట్యాంకు ఉంటే ఆ ఇంటికి అంత పరపతి. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినవాళ్లు గదులకంటే ముందు ట్యాంకు ఎక్కడుందో చూస్తారు.

వానాకాలం బాధలు వేరు. గాల్లో ఎప్పుడూ తేమే. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుకారిపోతుంది. బీరువాలో పట్టుచీరకి బూజు పడుతుంది. తోలు చెప్పులు మంచం కింద పచ్చగా మొలకెత్తినట్టు కనిపిస్తాయి. సముద్రపు గాలికి కొత్త మోటారుసైకిలు కూడా ఏడాది తిరక్కుండానే తుప్పు పడుతుంది. ఉతికిన బట్టలు ఆరాలంటే ఫ్యాను వేయాలి. ఫ్యాను తిరగాలంటే కరెంటుండాలి. దేశంలోని మిగతా ప్రాంతాల్లాగా ఇక్కడికి గ్రిడ్ తీగలు రావు. ఏ దీవి కరెంటు ఆ దీవిదే. అక్కడక్కడా సౌరవిద్యుత్తు, ఉత్తర అండమాన్‌లో కల్పాంగ్ జల విద్యుత్ కేంద్రం ఉన్నా, ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్ల మీదే. ఆ డీజిలూ ఓడలోనే రావాలి. అంటే... ఫ్యాను తిరగాలన్నా షిప్పు రావాల్సిందే!

ఇంటర్నెట్ కథా అలాగే ఉండేది. ఉపగ్రహం మీద ఆధారపడ్డ రోజుల్లో ఓ దరఖాస్తు పంపాలంటే తెల్లవారుజామున లేచి కూర్చునేవారు. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ మొదలయ్యాక ఆ కష్టం చాలావరకు తీరింది. ఇప్పుడు ఫోనులో మనవడి మొహం చూపిస్తూ శ్రీకాకుళంలోని నాయనమ్మతో మాట్లాడొచ్చు. కానీ ఫోనులో చూసి ఆర్డరిచ్చిన వస్తువు మాత్రం మళ్లీ అదే సముద్రం దాటాలి. ‘మీ పిన్‌కోడ్‌కి పంపలేం’ అన్న సమాధానం అక్కడివాళ్లకి కొత్తకాదు.

గాలి ఒప్పుకుంటేనే...

ఇవన్నీ సర్దుకుపోగలిగే కష్టాలు. సర్దుకోలేనిది ఒకటుంది.

అర్ధరాత్రి ఫోను మోగుతుంది. ఊళ్లో అమ్మకి బాగాలేదని కబురు. చెన్నై నుంచి విమానం రెండుగంటలకి కాస్త ఎక్కువే కానీ, అప్పటికప్పుడు కొనాలంటే టికెట్టు ధర ఆకాశంలో ఉంటుంది. నలుగురున్న కుటుంబం కదలాలంటే నెలల సంపాదన కావాలి. ఓడలో అయితే దీవివాసులకి గుర్తింపు కార్డు మీద రాయితీ ఉంది. కానీ ప్రయాణం రెండున్నర నుంచి మూడు రోజులు. విశాఖకి ఓడ రోజూ ఉండదు, సుమారుగా నెలకోసారి. అదీ వాతావరణం బాగుంటేనే. ‘కబురు అందింది, ఓడ అందలేదు’... తండ్రి కర్మకాండకి కూడా వెళ్లలేకపోయిన కొడుకులు, పుట్టింటి చివరిచూపు దక్కని ఆడపడుచులు ఈ దీవుల్లో ఎంతమందో! టికెట్టు దొరికిన ఒక్కరినే పంపించి, మిగతావాళ్లు ఇక్కడే సముద్రంలో స్నానం చేసి మైల తీర్చుకున్న ఇళ్లూ ఉన్నాయి.

చిన్న దీవుల్లో ఉన్నవారికి రాజధానే దూరం. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి ఓడలో రావాలంటే రోజుల మాట. పెద్ద జబ్బు చేస్తే రాజధానిలోని జీబీ పంత్ ఆసుపత్రే దిక్కు. 2015లో దానికి అనుబంధంగా వైద్య కళాశాల వచ్చింది. అయినా కొన్ని జబ్బులకి చెన్నై వెళ్లక తప్పదు. దీవుల మధ్య అత్యవసరమైతే హెలికాప్టరు ఉంది. అదీ గాలి ఒప్పుకుంటేనే. 2016 డిసెంబరులో తుపాను పట్టినప్పుడు ఇప్పటి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్‌లలో వెయ్యిమందికి పైగా పర్యటకులు చిక్కుబడితే నౌకాదళం వెళ్లి తీసుకొచ్చింది. దేశమంతా అది వార్త అయింది. అక్కడుండే వాళ్లకి మాత్రం ‘ఇవాళ ఓడ లేదు’ అన్నది వార్త కాదు, వాతావరణం!

2004 డిసెంబరు 26ని ఎవరూ మర్చిపోలేదు. ఆ ఉదయం భూమి కదిలింది, తర్వాత కడలి కదిలింది. ఎక్కువ ప్రాణాలు పోయింది నికోబార్ దీవుల్లో. దక్షిణ అండమాన్‌లో నేల ఓ మీటరు దాకా కుంగింది. రాజధాని పక్కనే ఉన్న సిప్పీఘాట్‌లో పంటపొలాల్లోకి ఉప్పునీరు వచ్చి అలాగే ఉండిపోయింది. ఒకప్పుడు నాట్లు వేసినచోట ఇప్పుడు కొంగలు చేపలు పట్టుకుంటాయి. అప్పట్లో ఊరికి వచ్చేయమని బంధువులు ఫోన్లు చేశారు. కొందరు వచ్చేశారు. చాలామంది రాలేదు.

మరెందుకు ఉంటారు?

కారణం అడిగితే ఎవరూ బీచ్‌ల గురించి చెప్పరు. పర్యటకులు మూడు రోజుల్లో చుట్టేసే చోట్లని కొందరు స్థానికులు మూడేళ్లకోసారి కూడా చూడరు! వాళ్లని కట్టిపడేసేది మరొకటి.

ఎవరైనా ‘మెయిన్‌ల్యాండ్’ వెళుతున్నారంటే... అక్కడ మన తీరాన్ని అలాగే అంటారు... వీధి మొత్తానికి తెలిసిపోతుంది. చీటీలు వస్తాయి. ఒకరికి ఆవకాయ, ఒకరికి మందులు, ఇంకొకరి కూతురి పెళ్లికి జాకెట్టు గుడ్డలు. తిరిగొచ్చేటప్పుడు సంచుల్లో సగం పక్కిళ్ల సామానే. తెలుగింటి అరిశెలు బెంగాలీ ఇంటికి వెళతాయి, అక్కడి నుంచి దసరాకి సందేశ్ వస్తుంది. ఖైదీల సంతతిగా ఇక్కడే పుట్టిపెరిగిన కుటుంబాల్లో కులం, మతం, భాష ఎప్పుడో కలిసిపోయాయి. ఇంట్లో ఉల్లిపాయ అయిపోతే పక్కింటి తలుపు తట్టడానికి మొహమాటం ఉండదు. ఎందుకంటే వచ్చే వారం వాళ్ల ఇంట్లో అయిపోవచ్చు. షిప్పు ఆలస్యమైతే అందరికీ ఆలస్యమే కదా!

తొందరపడటం అక్కడ పనికిరాదు. ఉత్తరానికి వెళ్లే ట్రంకురోడ్డు మీద జిర్కాటాంగ్ దగ్గర బండి ఆపి నిలబడాల్సిందే. జరావా తెగవారి అడవి గుండా నిర్ణీత వేళల్లో, పోలీసుల వెంట, అన్ని బండ్లూ వరసగా వెళ్లాలి. ఫొటోలు తీయకూడదు, మధ్యలో ఆగకూడదు. అది వాళ్ల ఇల్లు, మనం దారిన పోయేవాళ్లం. చాథమ్ నుంచి బంబూఫ్లాట్‌కి దాటాలన్నా పడవ కోసం కాసేపు ఆగాలి. ఆ కాసేపట్లోనే పెళ్లి సంబంధాలు కుదురుతాయి, తగాదాలు తీరతాయి.

అలాగని అన్నీ సర్దుకుపోయాయనుకోవద్దు. ఇంటర్ అయిన పిల్లలు చదువుకోసం విశాఖ, చెన్నై వెళుతున్నారు. ఉద్యోగం దొరికితే చాలామంది అక్కడే ఉండిపోతున్నారు. తాతలు బతుకు వెదుక్కుంటూ తూర్పుకి ఓడెక్కారు. మనవలు అదే వెదుక్కుంటూ పడమటికి విమానం ఎక్కుతున్నారు. మధ్యలో ఉన్న తరానికి రెండుతీరాల మీదా మనసే.

అయినా, వాళ్ల మాటల్లో ఒకటి గమనించాలి. సెలవులకి శ్రీకాకుళం బయల్దేరేటప్పుడు ‘ఊరికి వెళుతున్నాం’ అంటారు. మూడురోజుల ప్రయాణంలో తలతిరిగి, వాంతులయ్యి, ఓడ క్యాంటీను భోజనం సహించక నీరసపడి... చివరికి ఓ ఉదయం పచ్చటి కొండలు కనిపించగానే డెక్కు మీదికి వచ్చి నిలబడతారు. అప్పుడనే మాట వేరు.

‘హమ్మయ్య, ఇంటికొచ్చాం!’

ఈలోగా కొట్టు ముందు ఎవరో ఆనందంగా కేకేస్తారు... షిప్పొచ్చిందని!