మాయా శశిరేఖ నడక

ఈసారి మన ఉత్సవంలో పిల్లలు మాయాబజార్ నుంచి కొన్ని సీన్లు వేస్తున్నారు. మా అమ్మాయిది మాయా శశిరేఖ, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. పోర్షన్ నోటికొచ్చేసింది. ఇండియా నుంచి జడగంటలు, వంకీలు, వడ్డాణం వచ్చేశాయి. అన్నీ సిద్ధమయ్యాక ఒకరోజు అద్దం ముందు నిలబడి, "నాన్నా, ఇంతకీ నేను శశిరేఖనా, ఘటోత్కచుణ్ణా?" అని అడిగింది. సావనీర్‌కి ఏదైనా రాసిమ్మని, అదీ ఈ వారంలోనే కావాలని సంపాదకవర్గం వారు ఫోన్ చేసేసరికి నా మనసులో ఈ ప్రశ్నే తిరుగుతోంది. నటుడు పాత్రలోకి ఎలా వెళ్తాడన్నది మన పెద్దవాళ్లు పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు, తెర పక్కన నిలబడి చూసింది. మన పిల్లలకు ఆ తెర పక్క చోటే లేకుండా పోయింది. నా బెంగంతా దాని గురించే.

మా తాతయ్యది తెనాలి దగ్గర పల్లెటూరు. శ్రీరామనవమికో, తిరనాళ్లకో ఊళ్లో పాండవోద్యోగ విజయాలు ఆడితే ఆయన మూడో కృష్ణుడు. రాత్రంతా సాగే ఆ నాటకంలో కృష్ణుడి వేషాన్ని ముగ్గురు నటులు ఒకరి తర్వాత ఒకరు వేసేవారు. మూడో కృష్ణుడికి పిలుపొచ్చేసరికి తెల్లవారుజామయ్యేది. అయినా తాతయ్య దీపాలు పెట్టే వేళకే మేకప్ గదిలో ఉండేవాడు. ఆ పూట పెరుగు ముట్టేవాడు కాదు, మిరియాల పాలు తాగేవాడు. ఎవరైనా పలకరిస్తే తల ఊపి ఊరుకునేవాడు. రంగు ఎవరి చేతా వేయించుకునేవాడు కాదు. జింకు పొడిలో నీలం కలిపి, కొబ్బరినూనెతో అరచేతిలో రంగరించి, ముందు నుదుటి మీద, తర్వాత బుగ్గల మీద, ఆపైన మెడ మీద నిదానంగా పరిచేవాడు. తన చిన్నతనంలో అయితే అర్దళం నూరుకునేవాళ్లమని చెప్పేవాడు. కనుబొమలు దిద్దుకోవడం మొదలుపెట్టాక ఆయన మొహం నాకు కొత్తగా కనిపించేది. చివరికి కిరీటం కళ్లకద్దుకుని పెట్టుకునేవాడు. ఇక "తాతయ్యా" అంటే పలికేవాడు కాదు.

అంతకన్నా గట్టిగా గుర్తుండిపోయింది ఆ తర్వాతి సంగతి. వేషం పూర్తయ్యాక ఆయన కునుకు తీసేవాడు కాదు. సైడ్ వింగు పక్కన స్టూలు వేసుకుని, పడకసీను నుంచీ ప్రతి పద్యం వింటూ కూర్చునేవాడు. "మొదటాయన నవ్వు ఎక్కడ ఆపాడో, రెండో ఆయన ఏ శ్రుతిలో దించాడో వినకపోతే నేనెక్కణ్ణుంచి ఎత్తుకుంటానురా? జనానికి కృష్ణుడు ఒక్కడే!" అనేవాడు. నటన మీద తర్వాత నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటి మాట దొరకలేదు. తన పాత్రలోకి వెళ్లడమంటే పక్కవాడి పాత్రను వినడం అని ఆ స్టూలు మీద కూర్చునే నేర్పాడాయన.

తెనాలి పేరెత్తాక స్థానం నరసింహారావు గారిని తలుచుకోకుండా ఉండలేను. రామవిలాస సభ నాటకాల్లో ఆయన సత్యభామ, చింతామణి, మధురవాణి. ముగ్గురూ మాటకారులే, కానీ ఒకరి నడక మరొకరికి రాదు. ఆ తేడా పట్టుకోవడంలోనే ఆయన తయారీ అంతా ఉంది. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తన అనుభవాలను 'నటస్థానం' పేరుతో పుస్తకంగా రాసిపెట్టారు. బళ్లారి రాఘవ గారిది ఇంకో తోవ. వృత్తికి ప్లీడరు. రాగాలాపనలో పాత్ర మరుగున పడకూడదని పట్టుబట్టారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలన్నారు. ఇద్దరి పేర్లూ మన పిల్లలకు చెప్పండి. ఒక్కసారి వినిపించినా చాలు, ఎక్కడో ఒకచోట గుర్తుండిపోతాయి.

నాన్నకు రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఉద్యోగం. సెలవులకు తాతయ్య ఊరు, మిగతా ఏడాదంతా హైదరాబాదు. మాదాపూర్‌లో అప్పటికి బండలూ గుట్టలే. 1998లో సైబర్ టవర్స్ లేచాకనే కదా ఆ దిక్కు మారింది! నాటకం చూడాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణానికి వెళ్లాలి. సురభి నాటక కుటుంబాల వాళ్ల మాయాబజార్ చూసి వచ్చిన రోజు నిద్రపట్టేది కాదు. ఒకసారి నాన్న స్నేహితుడి పుణ్యమా అని లోపలికి వెళ్లాను. కాసేపట్లో ఘటోత్కచుడు కాబోయే మనిషి లుంగీ ఎగ్గట్టుకుని మేఘాల తెర తాడు ముడి సరిచేస్తున్నాడు. శశిరేఖ వేసే ఆవిడ ఉయ్యాల్లో పాపను ఊపుతూ, రెండో చేత్తో జడ అల్లుకుంటోంది. హార్మోనియం ఎత్తుకోగానే ఇద్దరూ ఉన్నచోటే మారిపోయారు. ఆయన భుజాలు విచ్చుకున్నాయి. ఆవిడ మెడ కొంచెం వంగింది. మనుషులు అలా మారడం కళ్ల ముందు చూసిన పిల్లవాడికి నటన గురించి వేరే పాఠం అక్కర్లేదు.

ఆ పాప కూడా నడక రాగానే ఏ కృష్ణలీలల్లోనో చిన్ని కృష్ణుడైపోతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడిననాటి నుంచీ ఆ కుటుంబాల పద్ధతి అదే. అంతకుముందు వాళ్లది తోలుబొమ్మలాట. బొమ్మను ఆడించిన చెయ్యే తర్వాత వేషం కట్టింది. మన తొలి టాకీ భక్తప్రహ్లాదలో కథానాయిక సురభి కమలాబాయి గారు, తల్లి వేషంలో ఉండగా రంగస్థలం మీదే పుట్టారని చెబుతారు. సురభి పిల్లలకు పోర్షన్ కాగితం ఎవరూ చేతికివ్వరు. రోజూ రాత్రి వింగులో వింటూ ప్రహ్లాదుడు, లోహితాస్యుడు, ఆపైన అభిమన్యుడు, వయసుతోపాటు ఒక్కో వేషం నోటికొచ్చేస్తుంది. ఎవరికైనా జ్వరమొస్తే ఆ వేషం వేయడానికి ఇంకొకరు ఎప్పుడూ సిద్ధమే.

ఆ కుటుంబాలు ఇప్పుడు శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఉంటున్నాయి. హైటెక్ సిటీ గాజు మేడలు అక్కడికి ఎంతో దూరం కాదు. 2013లో పద్మశ్రీ అందుకున్న సురభి బాబ్జీ (రేకందార్ నాగేశ్వరరావు) గారు 2022లో కన్నుమూశారు. కాలనీ కుర్రాళ్లు పగలు ఉద్యోగాలకు వెళ్తున్నారు, వేషాల రోజు రాత్రికి రంగు పూసుకుంటున్నారు. ఇది చూసి కొందరు సురభి పనైపోయిందంటారు. నేను ఒప్పుకోను. పగలు లాగిన్ అయి రాత్రి ఘటోత్కచుడయ్యే కుర్రాడు, మనం వదిలేసిన పనిని పట్టుకుని ఉన్నాడు.

ఆ దారిలోనే గచ్చిబౌలి దగ్గర హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి సరోజినీ నాయుడు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ కమ్యూనికేషన్‌లో రంగస్థల కళలు నేర్పుతారు. చదువుగా నేర్చుకునే నటనలో తోవ వేరు. స్క్రిప్టు చేతికి రాగానే బట్టీ పట్టరు. అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుని చదువుతారు. ఈ మనిషి ఎక్కణ్ణుంచి వస్తున్నాడు, ఏం కావాలనుకుంటున్నాడు, ఎవరు అడ్డం అని తవ్వుకుంటూ పోతారు. రష్యాలో స్టానిస్లావ్‌స్కీ వేసిన బాట అది. సురభివారికి వింగులో వయసుతోపాటు వచ్చేదాన్ని వీళ్లు ప్రశ్నలడిగి సంపాదిస్తారు. నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారు సురభి వాళ్లతో కలిసి పనిచేసినప్పుడు ఈ రెండు తోవలూ ఎదురుపడ్డాయి. జర్మన్ నాటకకర్త బ్రెక్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా మార్చి వాళ్ల చేత ఆడించారాయన. తరతరాలుగా దేవుళ్లూ రాక్షసులూ వేసినవాళ్లకు యాదమ్మ వేషం ఎలా వేయాలో చూపించడానికి ముందుతరం నటులెవరూ లేరు. ఆమెను బస్తీలోంచే తెచ్చుకోవాలి. తెచ్చుకున్నారు.

మైండ్‌స్పేస్‌ ఐటీ పార్కులో పనిచేసే నా స్నేహితుడొకడు శని, ఆదివారాల్లో నాటకాలు వేస్తాడు. రిహార్సల్ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో. ఈమధ్య వాడిది రిటైరైన పల్లెటూరి మాస్టారి వేషం. మొదటి రిహార్సల్ రోజే ఒక జత కిర్రుచెప్పులు కొన్నాడు. రాయదుర్గం నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలో అవే వేసుకుని, పెదవుల్లో పోర్షన్ చెప్పుకుంటూ వెళ్తాడు. "షూ వేసుకుంటే మేనేజర్ నడకే వస్తుందిరా. చెప్పులు మార్చాకగానీ మాస్టారు రాలేదు" అన్నాడు. కథకళి నటులు వేషానికి ముందు గంటల తరబడి కదలకుండా పడుకుని ముఖం చుట్టూ 'చుట్టి' అనే తెల్లటి అంచు కట్టించుకుంటారు. రంగుతోపాటు మనసు కూడా సిద్ధం కావడానికి ఆ సమయం కావాలి. ఐటీ ఉద్యోగికి ఆ గంటలు దొరకవు. దొరికిన మెట్రో ప్రయాణాన్నే వాడు మేకప్ గది చేసుకున్నాడు.

ఇక మన సంగతి. మన వేదికల మీద పిల్లల నాటకాలకు మాటలు ముందే రికార్డు చేసి వినిపిస్తున్నాం, పిల్లలు పెదవులు కదుపుతున్నారు. ఎందుకలా చేస్తున్నామో నాకు తెలుసు. హాలు పెద్దది, మైకులు తక్కువ, పిల్లల ఉచ్చారణ మీద మనకే భయం. మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటున్నారని కొందరు బాధపడతారు, నాకు ఆ బాధ లేదు. ఏ అక్షరాల్లో రాసుకున్నా నోట పలికితే అది తెలుగే. కానీ గొంతు వాళ్లది కాకపోతే ఒళ్లంతా అరువుదే అవుతుంది. పక్కవాడి మాట వినాల్సిన పని ఉండదు, ట్రాకు వింటే చాలు. తాతయ్య స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నదంతా అక్కడే పోతుంది.

మా అమ్మాయి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక చందానగర్‌లో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను. అమ్మకు సురభి కాలనీలో ఒక పెద్దావిడ పరిచయం, ఒకప్పుడు శశిరేఖ వేసినావిడ. వాట్సాప్‌లో వీడియో కలిపింది. ఆవిడ మా పిల్లను పైనుంచి కిందికి చూసి, "చీర తరువాత కట్టుకుందువుగానీ, ముందు ఘటోత్కచుడిలా ఇల్లంతా తిరుగు తల్లీ. భుజాన గద ఉన్నట్టే తిరుగు. అది ఒంటికి పట్టాక ఆ నడకని శశిరేఖ నడక కింద దాచిపెట్టు. నువ్వు దాచలేకపోయిన చోట జనం నవ్వుతారు. ఆ నవ్వు అయ్యేదాకా ఆగు, కంగారుపడకు" అంది. వారం రోజులు మా ఇంట్లో మెట్లన్నీ దద్దరిల్లాయి. తర్వాత చీర కట్టుకుని నడిచింది. నాలుగడుగులు వయ్యారంగా వేసి, ఐదో అడుగు ధన్‌మని వేసి, ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది. చూస్తున్న మేమందరం ఒక్కసారి నవ్వాం. అది ఎవరూ చెప్పింది కాదు, తనే కనుక్కుంది.

చిక్కల్లా ట్రాకుతో వచ్చింది. జనం నవ్వేదాకా ఆగమంది ఆవిడ, ట్రాకు ఆగదు. అందుకే దర్శకురాలితో మాట్లాడి ఆ సీను వరకూ రికార్డింగ్ తీసేశాం. పిల్లలు సొంత గొంతుతో చెబుతారు. ఒకటీ అరా తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. మిగతా సీన్లకూ వచ్చే ఏడాదికి ఇదే పద్ధతి పెట్టుకుందామని నా మనవి.

తల్లిదండ్రులకు ఇంకొక్క మాట. మీ పిల్లల సీను అయిపోగానే వాళ్లను హాల్లోకి తీసుకుపోకండి. వింగులో కూర్చోనివ్వండి, తర్వాతి సీను విననివ్వండి. తెర లాగే పని, గదలూ కిరీటాలూ అందించే పని వాళ్లకే ఇవ్వండి. సెలవులకు హైదరాబాద్ వెళ్లేవాళ్లు మాల్స్‌తోపాటు సురభి నాటకం ఎక్కడుందో కనుక్కుని, అడిగి ఒప్పుకుంటే కాస్త ముందే వెళ్లి పిల్లలకు మేకప్ గది చూపించండి.

రిహార్సల్స్ ప్రతి శనివారం మధ్యాహ్నం గుడి హాల్లో జరుగుతున్నాయి. శ్రుతి ఇవ్వడానికి మాకు హార్మోనియం వచ్చినవాళ్లు కావాలి. పిల్లల్ని చూడటానికి వచ్చిన తాతగార్లలో, అమ్మమ్మల్లో ఎవరికైనా వస్తే మొహమాటపడకుండా చెప్పండి. కారులో తీసుకురావడం, దింపడం మా పూచీ.